నీళ్ళకింది ఊరికి పందుల పెద్ద

ఆరిన్ సిబ్లీ గెలిచిన తగువుల్లో నేను కళ్ళారా చూసింది ఒక్కటే. మిగతావి అతను చెప్పుకున్నవి, వాటికి నాది పూచీ కాదు.

అది స్టోక్‌వెల్ గ్రంథాలయంలో జరిగింది. మా రాష్ట్రంలో పదవులు చేసినవాళ్ళ జీవితాలన్నీ, గవర్నరు మొదలుకొని ఊరి కంచెలు చూసేవాడి దాకా, ఒక లావుపాటి పుస్తకంగా వేస్తారు. ఎక్కడ పుట్టాడు, ఏ పదవి చేశాడు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, ఎక్కడ పూడ్చారు. అంతే. మనిషి మంచివాడా కాదా అన్నది అందులో ఉండదు. అది కూడా చూసి వేస్తే పుస్తకం జేబులో పట్టేది.

ఆ పుస్తకాన్ని కొత్తగా దిద్దుతున్న ప్రెంటిస్ లైల్ అనే ఆయన రాజధాని నుంచి వచ్చి, మా చుట్టుపక్కల ఊళ్ళ పేర్లన్నీ చదివి వినిపిస్తానన్నాడు. తప్పులుంటే చెప్పమన్నాడు. తప్పులు పట్టడానికి వెళ్ళినవాళ్ళు తక్కువ, అక్కడ పెట్టే కాఫీకీ, ఆపిల్ పై అనే తీపి రొట్టెకీ వెళ్ళినవాళ్ళే ఎక్కువ. నేను రెండో రకం.

చదువుతూ చదువుతూ పెల్టన్ దగ్గరికొచ్చాడు. పెల్టన్ మా ఊరు, నాదీ ఆరిన్‌దీ. ఇప్పుడది జలాశయం అడుగున ఉంది. రాజధానిలో జనానికి తాగునీళ్ళు చాలడం లేదని మా లోయకు అడ్డంగా గోడ కట్టి, నింపేశారు. ఆ ఊరి పేర్లలో చివరిది ఆరిన్‌ది. పందుల పెద్ద, పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిది నుంచి ముప్ఫై ఎనిమిది దాకా, అని చదివాడు లైల్.

ఆరిన్ కాఫీ కప్పు పక్కన పెట్టి లేచాడు.

"ఎప్పటి నుంచి అన్నది సరిగ్గానే రాశారు. ఎప్పటి దాకా అన్నది మీకెవరు చెప్పారు?"

"ఊరు రద్దయింది కదండీ. ఊరితోపాటే పదవీ పోతుంది."

"నన్నెవరూ దింపలేదు. ఇంకొకణ్ణి ఎన్నుకునేదాకా చేస్తానని ప్రమాణం చేశాను. ఇంతవరకూ ఎన్నుకోలేదు."

లైల్ ఓపికగా నవ్వాడు. చదువుకున్నవాళ్ళు ముసలివాళ్ళని చూసి నవ్వే నవ్వు ఒకటుంటుంది, అది. లేని ఊరికి పదవులుండవని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు.

"పొద్దున ఇంట్లో కాఫీ తాగి బయల్దేరారా?" అన్నాడు ఆరిన్.

"తాగాను."

"ఆ నీళ్ళెక్కడివి?"

"జలాశయానివి."

"ఆ నీళ్ళకింద నేల పేరేంటో మీ నోటితోనే చెప్పండి."

లైల్ మా మొహాలకేసి చూశాడు. ఆపిల్ పై నములుతున్నవాళ్ళు కూడా నమలడం ఆపారు.

"పెల్టన్," అన్నాడు చివరికి.

"ఉందన్నమాట," అని ఆరిన్ కూర్చుని మళ్ళీ కప్పు అందుకున్నాడు.

గదంతా నవ్వింది. లైల్ కూడా నవ్వాడు, ఈసారి మనిషి నవ్వినట్టు నవ్వాడు. పెన్సిలు తీసి రెండో సంవత్సరం కొట్టేసి, అక్కడ ఖాళీ వదిలాడు. ఆ పుస్తకంలో అక్కడ ఖాళీ ఉందంటే ఆ మనిషి ఇంకా పదవిలో ఉన్నాడని అర్థం. పదవిలో ఒక్కడైనా ఉన్న ఊళ్ళని పుస్తకం ముందు భాగంలో వేస్తారు, ఎవరూ లేనివాటిని వెనక్కి, పోయిన ఊళ్ళ వరసలోకి తోస్తారు. ఆ ఏడు అచ్చయిన పుస్తకంలో పెల్టన్ ముందుకొచ్చింది. బతికున్న ఊళ్ళ మధ్య, ఒకే ఒక్క పేరుతో. ఆ పేరు పందుల పెద్దది.

పందుల పెద్ద అంటే ఏమిటో మా మనవళ్ళక్కూడా చెప్పాల్సొస్తోంది. పూర్వం పందులు కంచె దూకి పొలాల్లో పడితే వాటిని పట్టి బందెలదొడ్డిలోకి తోలడానికి ఊరు ఒకణ్ణి ఎన్నుకునేది. పందులు పెంచడం తగ్గాక పదవి మిగిలింది, పని పోయింది. ఖాళీగా ఉన్న పదవిని వేళాకోళానికి వాడుకోవడం మావాళ్ళకు బాగా తెలుసు. ప్రతి మార్చిలో ఊరి సభ జరిగేటప్పుడు, ఆ చలికాలంలో పెళ్ళయినవాణ్ణి పట్టుకుని పందుల పెద్దని చేసేవారు. ఇంట్లో కొత్త పెళ్ళాం తిరుగుతోంది కదా, ఇక వీధిలో తిరిగేవాటిని కూడా నువ్వే చూసుకో అని. మగవాళ్ళ హాస్యం. ఆ మాటకు ఆడవాళ్ళు కూడా నవ్వేవారు, సభకి వచ్చినవాళ్ళకి వండింది వాళ్ళే కాబట్టి తినేదాకా పోట్లాట పెట్టుకోరు.

పెల్టన్ ఆఖరి సభకి నేను చిన్నపిల్లని. సభాశాల పైన చెక్క అరుగు మీద పడుకుని, కటకటాల సందుల్లోంచి కిందికి చూస్తున్నాను. కిటికీల్లోంచి లోయ కనబడుతోంది, అప్పటికే చెట్లన్నీ నరికేశారు. చెట్లు లేని లోయ, బట్టలు విప్పి డాక్టరు ముందు నిలబెట్టిన ముసలివాడిలా ఉంది. కింద గదంతా చిక్కుడుగింజల వాసన, ఉన్ని కోట్ల తడి వాసన. ఊరే ఉండదని తెలిసీ మావాళ్ళు వరసగా అన్ని పదవులకీ మనుషుల్ని ఎన్నుకున్నారు. రోడ్లు చూసేవాణ్ణి ఎన్నుకున్నారు, నీళ్ళలోకి పోయే రోడ్లకి. కట్టెలు కొలిచేవాణ్ణి ఎన్నుకున్నారు, కొలవడానికి చెట్టు లేకపోయినా.

ఆఖర్న ఆరిన్ పేరు. ఫిబ్రవరిలో వైలాని పెళ్ళాడాడు. అందరూ బల్లలు గుద్దుతూ అవును అవును అని అరిచారు. వైలా ఎర్రబడిన మొహంతో వచ్చి అతని కోటుకు గులాబి రంగు రిబ్బను మెలితిప్పి గుచ్చింది, పంది తోకలాగా. ఆరిన్ ప్రమాణం చేస్తుంటే జనం నవ్వుతున్నారు. చెప్పడం పూర్తయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ గదిలో ఇంక చేయించడానికి ప్రమాణం మిగల్లేదు.

తర్వాత ఊరు కదిలింది. ఇళ్ళు కొన్ని బళ్ళ మీద పోయాయి, కొన్ని విప్పిన చెక్క పలకలుగా పోయాయి. సమాధులు తవ్వి చచ్చినవాళ్ళకి కూడా ఇల్లు ఖాళీ చేయమని చెప్పారు. బడి మూసేశారు. అక్కడితో నా చదువు కూడా లోయలోనే ఉండిపోయింది, దాని కోసం నేనెప్పుడూ ఈత కొట్టలేదు.

మేం స్టోక్‌వెల్ కొండ మీదికి మారాం. అక్కణ్ణుంచి చూస్తే కింద నరికిన కొమ్మలు తగలబెట్టిన పొగ, పొగలోంచి పొయ్యి గొట్టాలు, వాటి చుట్టూ ఇళ్ళు లేవు. నీళ్ళు వచ్చాయంటే వరద వచ్చినట్టు రాలేదు. తెల్లారేసరికి గడ్డిలో తళుక్కుమనే తడి, అంతే. మరుసటి వారం అదే తడిలో మేఘం కనబడేది. ఆ మరుసటి వారం మేఘం పక్కన ఇంకో మేఘం. ఊరు మునిగిందనిపించలేదు, ఆకాశమే నెమ్మదిగా కిందికి దిగి ఊళ్ళో కాపురం పెట్టినట్టుండేది.

ఆ రోజుల్లోనే ఎవడో దిక్కుమాలినవాడు తన పందుల్ని వదిలేసి పోయాడు. తల్లిపందీ, పిల్లలూ. వాటిని ముందు చూసింది నేనే, కొండ మీది నుంచి. పునాదులు మాత్రమే మిగిలిన వీధిలో అవి ఒక ఇంటి గుమ్మం రాయి దగ్గర నుంచి ఇంకో ఇంటి గుమ్మం రాయి దగ్గరికి, పలకరింపులకు వచ్చిన చుట్టాల్లాగా తిరుగుతున్నాయి. మా నాన్న నవ్వి, ఆరిన్‌కి కబురు పెట్టమన్నాడు, వేళాకోళానికే.

ఆరిన్ వచ్చాడు. నిజంగానే వచ్చాడు, కోటుకు ఆ రిబ్బనుతో సహా. యజమాని లేని తోటల్లో రాలిన ఆపిల్ పళ్ళు గోనెసంచిలో వేసుకుని, ఒక్కొక్కటే దొర్లిస్తూ ముందు నడిచాడు. వెనక తల్లి, తల్లి వెనక పిల్లలు. మోకాలి లోతు పొగమంచు. మనిషికి కాళ్ళు కనబడటం లేదు, పందులకి చెవులే కనబడుతున్నాయి. సభాశాల ఉన్న చోటు దాటారు, బడి ఉన్న చోటు దాటారు. ప్రతి చోటా అతను కాస్త ఆగడం చూశాను. పందుల కోసం ఆగాడో, తన కోసం ఆగాడో నాకు తెలియదు. చుట్టూ చప్పుడు లేదు. నా జీవితంలో ఇన్ని చూశాను, కలలో చూశానేమోనని అనుమానం ఉన్నది అదొక్కటే. కానీ ఆ పందుల మాంసం మేం చలికాలమంతా తిన్నాం కాబట్టి కల కాదు.

మా తాతల కాలం తర్వాత ఆ పదవిలో ఉండి ఆ పని చేసినవాడు ఆరిన్ ఒక్కడే. అందుకే తర్వాత ఎవరు నవ్వినా అతను ఆ పదవిని చూసి నవ్వలేదు.

మిగతా బతుకు అందరిలాంటిదే. స్టోక్‌వెల్‌లో దాణా కొట్టులో పనిచేశాడు. వైలాతో కాపురం బాగానే సాగింది. పిల్లలు లేరు, ఉన్నవాళ్ళని చూసి బాధపడినట్టూ లేడు. ముక్కుసూటి మనిషి, పాట పాడితే మాత్రం వినలేం. దాణా కొట్టులో కుర్రాళ్ళు, మీ పందులెలా ఉన్నాయి ఆరిన్ అని ఏడిపిస్తే, పందులు బుద్ధిగానే ఉన్నాయి, దారి తప్పినవాళ్ళు ఇక్కడ దాణా మోస్తున్నారు అనేవాడు.

మార్చి మొదటి సోమవారం, పూర్వం ఊరి సభ జరిగే రోజు, మాత్రం పనికి వెళ్ళేవాడు కాదు. టై కట్టుకుని పెల్టన్ పాత రోడ్డు పట్టుకుని నడిచేవాడు. ఆ రోడ్డు ఇప్పటికీ ఉంది. చెట్ల మధ్య నుంచి మామూలు రోడ్డులాగే దిగుతుంది, దిగి దిగి, ఆగకుండా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. రోడ్డుకి తెలియదు కదా. ఆ అంచున నిలబడి, టోపీ తీసి, ఈ ఏడు పందులేవీ దారి తప్పలేదు అని నీళ్ళకి చెప్పేవాడు. ఊరి సభకి పదవిలో ఉన్నవాడు లెక్క అప్పజెప్పాలి కాబట్టి. వైలా ఉన్నన్నాళ్ళూ ఆమె వెంట వెళ్ళేది. ఆమె పోయాక నేను వెళ్ళడం మొదలుపెట్టాను, ఫ్లాస్కు మొయ్యడానికి. ముసలివాణ్ణి మంచు మీద ఒంటరిగా పోనివ్వడం ఎవరికి మంచిది?

ఒకసారి గాలి లేదు. నీళ్ళ మీద మంచు పలక కట్టి, దాని కింద ఎక్కడో దూరంగా మూలుగులాంటి చప్పుడు. మంచు పగిలే ముందు అలాగే మూలుగుతుంది, అందరికీ తెలుసు. ఆరిన్ మాత్రం తల పక్కకి వంచి విని, "చర్చ జరుగుతోంది," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బల్లల చప్పుడులాగే ఉంది.

ఈ చలికాలం అతని గుండె సరిగ్గా లేదని డాక్టరు చెప్పాడు. వసంతం చూస్తే గొప్ప అన్నాడట. అదే వారంలో రాజధాని నుంచి ఇంకొకరు ఫోను చేశారు, లైల్ పోయాక ఆ పుస్తకం చూస్తున్న అమ్మాయి. వేసవిలో కొత్తది అచ్చువేస్తున్నారట, మీ వివరాలు అలాగే ఉన్నాయా అని అడిగిందట.

నేను వెళ్ళేసరికి వంటింటి బల్ల దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. చావుకి భయపడుతున్నాడనుకుని, పోయేవాళ్ళంతా పోయారు, నువ్వేమైనా గవర్నరువా మిగలడానికి అన్నాను. నా ఓదార్పులు అలాగే ఉంటాయి.

"నేను పోవడం గురించి కాదు హెట్టీ. ఆ అమ్మాయి మంచిదే. నేను పోయాక ఖాళీలో ఆ ఏడు వేస్తుంది, వెయ్యాలి మరి. వేసిందంటే పెల్టన్ వెనక్కిపోతుంది. పోయిన ఊళ్ళ వరసలోకి."

"పోయిన ఊరే కదా."

"అంటే నువ్వెక్కడ పుట్టావు?"

ఎవరితోనైనా మాటకి మాట అప్పజెప్పేదాన్ని నేను. ఆ రోజు లేచి పొయ్యిలో కట్టె ఒకటి సర్దాను, సర్దాల్సిన అవసరం లేకపోయినా.

అతను అంతా ఆలోచించి పెట్టుకున్నాడు. పదవిలో ఉన్నవాడు చచ్చి పదవి పోవడం వేరు, బతికుండగా ఇంకొకరికి అప్పగించడం వేరు. అప్పగించాలంటే ఊరి సభ ఎన్నుకోవాలి. ఊరి సభ అంటే ఊళ్ళోవాళ్ళు. ఊళ్ళోవాళ్ళలో కొందరు కొండ మీది కొత్త శ్మశానంలో ఉన్నారు, ఒకరిద్దరు వెచ్చదనానికి పోయి ఫ్లోరిడాలో ఉన్నారు, ఆ రెంటికీ పెద్ద తేడా లేదు, ఎవరూ తిరిగి రారు. మిగిలింది అతనూ నేనూ.

నాకు కోపమొచ్చింది. అప్పుడు నేను చిన్నపిల్లని, ఓటు లేదు అన్నాను. ఇప్పుడు పెద్దదానివే కదా అన్నాడు. చదువు లేదన్నాను. పందులు అడగవన్నాడు. ఆ పదవిలో ఆడది ఎప్పుడూ లేదన్నాను. అందుకే పందులు అన్నాళ్ళు దారి తప్పాయి అన్నాడు. చివరికి, ఆ పదవి కొత్తగా పెళ్ళయినవాళ్ళకే ఇస్తారు, నా మొగుడు పోయి నీ జుట్టు ఊడినంత కాలమైంది అని విసురుగా అన్నాను.

"పెళ్ళి కావాలంటే ఆ మాట వైలా పోయిన కొత్తలో చెప్పాల్సింది పిల్లా. ఇప్పుడు డాక్టరు ఒప్పుకోడు."

ఇద్దరం నవ్వాం. అతనికి దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా వీపు నిమురుతూ నిలబడ్డాను. కిటికీ బయట మంచు పడుతోంది, ఎక్కణ్ణుంచి పడుతోందో తెలియకుండా, ఎక్కడికీ చేరనట్టుగా.

దగ్గు ఆగాక నా మణికట్టు పట్టుకున్నాడు. అతని వేళ్ళు చల్లగా, తేలిగ్గా ఉన్నాయి.

"సోమవారం నన్ను పాత రోడ్డుకి తీసుకెళ్ళు. నడవలేకపోతే మంచు మీద జారే స్లెడ్జిలో పడేసి లాగు. అంచు దగ్గర నేను నీ పేరు చెప్తాను, ఒప్పుకునేవాళ్ళెవరని అడుగుతాను. అప్పుడు నువ్వు చెయ్యెత్తు. నీకు నువ్వే ఓటేసుకున్నానని సిగ్గుపడకు, రాజధానిలో అందరూ చేసేది అదే. కాకపోతే బాగా పైకెత్తు హెట్టీ. నీళ్ళ అడుగు దాకా కనబడాలి."