రెండోసారి అడగని దేశం

ఆ రోజుల్లో మా ఉదయగిరి వైపు ఇంగ్లీషు వచ్చిన మనిషంటే టీచరే. ఆ మనిషి ఇంకో పనికి కూడా పనికొస్తుందని ఎవరికీ తోచేది కాదు, నాకూ తోచలేదు. బి.ఇడి. అవగానే ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, రేకుల షెడ్డు కింద అరవై మంది పిల్లలకు ఏడేళ్ళు ఇంగ్లీషు అరిచాను. (చెప్పాను అనాలి గానీ, పక్క క్లాసు లెక్కల సారు గొంతును దాటాలంటే అరవక తప్పేది కాదు.) ఎనిమిదో ఏడు గొంతు పోయింది. లోపల చిన్న చిన్న గడ్డలు లేచాయనీ, ఇక పాఠాలు చెబితే ఉన్న గొంతు కూడా మిగలదనీ నెల్లూరు డాక్టరు తేల్చేశాడు. ఇంటికొచ్చి ఏడుద్దామంటే దానికీ శబ్దం రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు నాకు. వచ్చిన పని ఒక్కటే, అది చెయ్యకూడదన్నారు.

అప్పుడు ఆదుకున్నది మా చిన్నమ్మ. సీతారామపురం దగ్గర పల్లె ఆమెది. చిన్నాయన పోయాక దుబాయ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషిగా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఫోన్ చేసి, "నువ్వు రా పాపా. ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా నేనే బతకతా ఉండా. నీకైతే ఎయిర్‌పోర్టులోనే పట్టుకోని ఉద్యోగమిస్తారు" అంది. రెండు నెలల విజిట్ వీసా మీద వెళ్ళాను. ఎయిర్‌పోర్టులో నన్ను నిజంగానే పట్టుకున్నారు, నా పెట్టెలో ఉన్న గోంగూర పచ్చడి సీసా ఏమిటో కనుక్కోవడానికి.

ఫారినర్ అంటే ఉదయగిరి కోట చూడ్డానికి కెమెరా వేసుకొచ్చే తెల్లవాళ్ళనే అనుకునేదాన్ని. అక్కడికి వెళ్ళాక నేనే ఫారినర్ని, అందులోనూ ఇంగ్లీషు వచ్చిన ఫారినర్ని. షార్జాలో కలువాయి, కడప ఆడవాళ్ళు నలుగురుండే గదిలో ఒక మంచం నాది. పొద్దున్నే సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయల్దేరేదాన్ని. కార్గో ఆఫీసు మేనేజరు నా కాగితాలు చూసి మొహం ఇంత చేసుకుని, "ఏడేళ్ళు ఇంగ్లీషు చెప్పారా! మా ఇద్దరు పిల్లలకు సాయంత్రాలు చెప్పండి" అన్నాడు. బట్టల కొట్టాయన మేనకోడలికి చెప్పమన్నాడు. ట్రావెల్స్ అతను ఇంకెవరూ దొరక్క తనకే చెప్పమన్నాడు. పాఠం తప్ప ఏ పనైనా చేస్తానని నేను బొంగురు గొంతుతో మొత్తుకుంటుంటే, ఇంగ్లీషు పెట్టుకుని పాఠం చెప్పనంటుందేమిటీ పిల్ల అన్నట్టు చూసేవారు. ఐదు వారాలు ఇలాగే గడిచాయి. వీసా అయిపోతే తిరిగి ఆ రేకుల షెడ్డు కిందికే వెళ్ళాలి.

ఇక లాభం లేదని చిన్నమ్మ వాళ్ళ మేడంను పట్టుకుంది. మేడం తమ్ముడికి ఒక క్లినిక్కు ఉంది. రోగుల పేర్లు కంప్యూటర్లో ఎక్కించి, ఫైళ్ళు వరసగా పెట్టే మనిషి కావాలట. రోజంతా నోరు విప్పక్కర్లేదు. నా గొంతు చూసి తయారు చేసినట్టున్న ఉద్యోగం! చిన్నమ్మకు వారానికి ఒక్క పూటే సెలవు. ఆ పూట నిద్ర మానుకుని నాతో వచ్చి, క్లినిక్కు ఎదురుగా బస్టాపులో పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరింటికైనా వెళ్తే, కాఫీ అనగానే వద్దనాలి. రెండోసారి అంటే, ఇప్పుడే తాగొచ్చినాం అనాలి. మూడోసారి గ్లాసు చేతిలో పెడితే అప్పుడు మొహమాటపడుతూ తీసుకోవాలి. మొదటి మాటకే చెయ్యి చాపితే ఇంటికొచ్చాక అమ్మ తొడపాశం పెట్టేది.

ఆ క్లినిక్కు పెద్దమనిషి చాలా మంచివాడు. కాఫీ తాగుతారా అన్నాడు. వద్దన్నాను. తనకొకటి తెప్పించుకుని నా ఎదురుగానే తాగాడు. (ఆ కాఫీ చూసైనా నాకు బుద్ధి రావలసింది.) నాలుగు ప్రశ్నలడిగి, నా టైపింగ్ చూసి సంతోషపడి, "ఉద్యోగం మీదే. ఆదివారం నుంచి చేరతారా?" అన్నాడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ మొదటి మాటకే అవునంటే ఎంత ఆబగా ఉంటుంది! తల వంచుకుని, "అయ్యో, మీకెందుకు సార్ శ్రమ? నాకన్నా అవసరమున్న వాళ్ళుంటే వాళ్ళకివ్వండి" అన్నాను, మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. ఆయన ఫైలు మూసి, వచ్చినందుకు థాంక్స్ చెప్పి లేచి నిలబడ్డాడు.

నేను బయట కుర్చీలో కూర్చున్నాను, రెండోసారి పిలిచి అడుగుతాడని. గంట కూర్చున్నాను. ఆ తర్వాత లోపలికెళ్ళిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉద్యోగం కాగితాలు పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది. అప్పటికి అర్థమైంది.

బస్టాపులో జరిగింది చెబితే చిన్నమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. "ఎన్నిసార్లు అడిగినాడు?" అంది.

"ఒక్కసారే."

"ఒక్కసారేనా! అదేం మనిషి పాపా! పెంపకం లేదా వాళ్ళకి?" అని క్లినిక్కు వైపు తిరిగి తిట్టింది. ఆ తర్వాత ఇద్దరం పెరుగన్నం తిన్నాం. నాకు కన్నీళ్ళాగలేదు. చిన్నమ్మ మాత్రం వద్దు వద్దంటున్నా ముద్దలు కలిపి నా చేతిలో పెడుతూనే ఉంది.

వీసా గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఖర్జూరం డబ్బాల కంపెనీలో, లేబుళ్ళ మీద ఇంగ్లీషు తప్పులు చూసే పని ఒకటి ఉందని తెలిసి వెళ్ళాను. ఈసారి అక్కడి మేనేజరు నోరు తెరవగానే "యెస్ సార్, ఇవాళే చేరతాను" అన్నాను. పాపం, ఆయన మంచినీళ్ళు కావాలా అని అడగబోయాడు. నవ్వి ఉద్యోగం కూడా ఇచ్చాడు. ఆరేళ్ళు నోరు మెదపకుండా డబ్బాలు చదువుకున్నాను. అక్కడి పద్ధతి బాగా ఒంటబట్టింది. అవునంటే అవును, కాదంటే కాదు. ఎంత హాయో అనుకునేదాన్ని.

తిరిగొచ్చి పెళ్ళి చేసుకుని ఆత్మకూరులో స్థిరపడ్డాను. అంతకు ముందే ఊరు చేరిన చిన్నమ్మకు కడుపులో నొప్పి అని తెలిసి, రేపొస్తున్నానని ఫోన్ చేసి వెళ్ళాను. మనిషి సగమైపోయింది. "నెల్లూరు పోదాం పా చిన్నమ్మా, పెద్దాసుపత్రిలో చూపిస్తా. మా ఇంట్లోనే ఉందువు" అన్నాను.

"వద్దులే పాపా. నీకెందుకు శ్రమ? మాత్రలు మింగతా ఉండా."

"సరే చిన్నమ్మా, నీ ఇష్టం" అన్నాను. మాట కాదని బలవంతం చెయ్యకపోవడమే గౌరవమనుకున్నాను. నాలుగు గంటల బస్సుకు బయల్దేరితే వాకిట్లో స్తంభం పట్టుకుని నిలబడి, "పోతా ఉండావా?" అంది. పోతున్నానన్నాను.

నెల తిరక్కుండా పోయింది. పెద్దదినం నాడు వాళ్ళ కోడలు ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. రెండు చీరలు, తువ్వాలు, ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు. "నువ్వొస్తావని తెలిసిన రోజే సర్దుకోనింది వదినా. నువ్వు పోయినాక కూడా రెండు రోజులు విప్పలే. పాప మళ్ళీ ఫోన్ చేస్తాదిలే అనింది."

ఇప్పుడు నేను ఎవరినైనా ఒక్కసారి అడిగి ఊరుకోలేను. మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన్ని టీ తాగమని గేటు దాకా వెంబడించాను. ఆయన వద్దండీ, నాకు షుగరండీ అంటూ బండెక్కేశాడు. "అమ్మా, ఆయన పారిపోతా ఉండాడు, వదిలెయ్" అని మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఇంత వయసొచ్చి మీటరాయన వెంట గ్లాసు పట్టుకుని పరిగెత్తే నన్ను చూసుకుని. షుగరుంటే చక్కెర లేకుండా ఇస్తానని వీధి చివరిదాకా వినబడేటట్టు మళ్ళీ అరిచాను. డాక్టరు అరవొద్దన్న గొంతే అది, పోతే పోనీ అనిపించింది.