మా నాయన మగ్గం దగ్గర ఆగిన పాట

పాటను రెట్టింపు వేగంతో పెడితే ఎంత మంచి గొంతైనా కీచుమంటుంది. నిన్న ఊత్తుకోట దగ్గర ఒక ఆల్బమ్ పాట తీస్తుంటే స్పీకర్లోంచి ఆ కీచు గొంతే వచ్చింది. మా పనిలో ఇది మామూలే. దృశ్యం నెమ్మదిగా కదలాలంటే పాటను వేగంగా పెట్టి, నటి చేత దానికి పెదవులు కలిపిస్తాం. తర్వాత చిత్రాన్ని నెమ్మది చేస్తే పెదవులు అసలు పాటకు సరిపోతాయి, కొంగు మాత్రం గాలిలో తేలుతుంది. చూసేవాళ్ళకు అందం. నాకు మాత్రం ఆ కీచు వింటే వసంతక్క గుర్తొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది.

వసంతక్కది పాండూరులో సేద్యం చేసే కుటుంబం. పెళ్ళి వీడియోలతో మొదలుపెట్టి పాటలకు వచ్చింది. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆమే. ఒకసారి ఆవడిలో షూటింగుకు వెళ్తే, నిర్మాత ఆమె భుజం మీది కెమెరాను చూస్తూనే, "కెమెరామన్ యాడమ్మా?" అన్నాడు. "మీ ముందరే నిలబడి ఉండాడు సార్, కనపడలేదా?" అంది అక్క, నవ్వకుండానే. ఆమెకో అలవాటు ఉండేది. ఎవరి పనిని తీయాలో వాళ్ళ పక్కన ముందు ఊరికే కూర్చునేది. నాట్లు వేసే ఆమె అయినా సరే, పూలు కట్టే ఆమె అయినా సరే, ఆ చేతుల వరసను తన తొడ మీద వేళ్ళతో వేసుకునేది. "మే, చెయ్యి యాడ ఆగతాదో తెలిస్తేనే కెమెరా యాడ పెట్టాల్నో తెలుస్తాది" అనేది.

నేను అక్కకు సహాయకురాలిగా ఉన్నప్పుడు, మా తిరుత్తణిలో చీరల మీద ఒక పాట తీయాల్సి వచ్చింది. మగ్గం కావాలంటే గొప్పగా మా ఇల్లే చూపించాను. ముందు నటి పాడుతుంది, వెనక మా నాయన నేస్తాడు. పాట రెట్టింపు వేగంలో ఉంది కాబట్టి, నాయన తన తీరున నేస్తే తెర మీద నిద్రలో నేస్తున్నట్టు కనిపిస్తాడు. అందుకని ఆయనా రెట్టింపు వేగంతో నేయాలన్నాడు దర్శకుడు. "అయ్యా, కొంజం వేగమా!" అని తమిళంలో తొందరపెడుతూ చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చినవాళ్ళ మాట కాదనలేక నాయన చేతులను పరుగెత్తించాడు. రెండో టేకులో పడుగు పోగులు తెగాయి. ఒక్కొక్క కొసా వెతికి అతికి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తెగాయి. నేత ఇంట్లో పుట్టినదాన్ని, మగ్గానికి తొందర పనికిరాదని నాకు తెలియదా? పని పోతుందని భయపడి నోరు మూసుకున్నాను.

అక్క కెమెరా ఆపేసింది. "మామా, చాలు, లెయ్యండి" అంది నాయనతో. తర్వాత దర్శకుడి వైపు తిరిగింది. "ఆయన చెయ్యి ఎంత వేగంగా పోతాదో పాట అంతే వేగంగా పెట్టండి. లేదంటే నేను తియ్యను." పది నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా అని దర్శకుడు తమిళంలో కసిరాడు. ఆమె కదల్లేదు. కెమెరా అక్కది కాదు, షూటింగు వాళ్ళది. ఆయన నా వైపు చూసి, నువ్వు తీస్తావా, ఇకమీద నా పాటలన్నీ నీకే అన్నాడు. నా చేయి కెమెరా వైపు సాగింది. అబద్ధం చెప్పను, సాగింది. అక్క అడ్డుపడలేదు. "తీసుకోమే. మీ నాయన చేతులు చూసి తీసుకో" అంది. చూశాను. నాయన తల దించుకుని తెగిన పోగు కొస వెతుకుతున్నాడు, కూతురి పని చెడకూడదని. "నేనూ తియ్యను సార్" అన్నాను.

ఆ పాట వేరే కెమెరామన్‌తో, సెట్టులో వేసిన మగ్గంతో బయటికొచ్చింది. నేతగాడి వేషం వేసిన నటుడు పడుగు మధ్య అటూ ఇటూ ఆడించే నాడెలో అసలు నూలే లేదు! మా వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అక్క మాత్రం, "ఎలుతురు బాగా పట్టినాడు మే, ఒప్పుకోవాల" అంది. ఆ తర్వాత మా ఇద్దరినీ చాలాకాలం ఎవరూ పాటలకు పిలవలేదు. ఆమె మళ్ళీ పెళ్ళిళ్ళకే వెళ్ళింది. ఆ రోజు తొందరపడ్డానని, చనిపోయేదాకా ఒక్కసారి కూడా అనలేదు.

ఇప్పుడు దర్శకులు నన్ను మొండిది అంటారు. అననీ. పనిచేసే మనిషి చేతిని పాట కోసం పరుగెత్తించమంటే నేను తీయను, వేరేవాళ్ళను పిలుచుకోమంటాను. ఈ మొండితనం అక్క దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆ రోజు ముందుగా ఆపమనాల్సింది మా నాయన కన్నకూతురు. ఆపింది పరాయి ఇంటి మనిషి. ఆ సిగ్గు నాకు ఎవరూ నేర్పలేదు, ఇన్నేళ్ళైనా పోలేదు. పోకూడదు కూడా.