మానికెడు కారం ఎన్ని సేర్లు

మొయినాబాదు దగ్గర ఆడపిల్లల బోర్డింగులో నన్ను వంటకు పెట్టుకున్నారు, నెల రోజులు చూస్తామని. నచ్చి ఉంచుకుంటే, ఆలూరులో మా అమ్మ దగ్గరున్న నా బిడ్డకు కూడా అక్కడే చదువు, తిండి. నా భర్త పోయి అప్పటికి ఏడాది. నాకు అప్పట్లో ఒక్క అక్షరం రాదు.

అది యుద్ధకాలం. రేషన్ బియ్యం తూకంతో వచ్చేది. మాకేమో మొదటి నుంచీ మానిక పాత్రతో నింపి కొలవడమే అలవాటు. బోర్డింగు చూసే టీచరమ్మ పట్నం మనిషి. వంటింట్లోకి తూచే తరాజు తెప్పించి, ఇక ఏది తీసినా సేర్లలోనే తీయాలన్నారు. మానికకు ఎన్ని సేర్లని నన్నడిగారు. నేను మానికెడు బియ్యం తూచి, రెండని చెప్పాను. ఆమె కాగితం మీద రాసుకున్నారు.

మామిడికాయలు వచ్చాయి. పిల్లలందరికీ ఏడాదికి సరిపడా తొక్కు పెట్టాలి. ఆరు మానికల ముక్కలకు మానికెడు కారం, మానికెడు ఉప్పు, మానికెడు ఆవపిండి అని మా ఇళ్లలో లెక్క. ఇరవై నాలుగు మానికల ముక్కలయ్యాయి. టీచరమ్మ కాగితం చూసి కారం ఎనిమిది సేర్లు, ఉప్పు, ఆవపిండి కూడా అంతే అన్నారు.

నేను తూచి గంగాళంలో పోస్తున్నాను. ఐదు సేర్లు పడేసరికి నా చెయ్యి ఆగింది. కారం కుప్ప పెరిగిపోతోంది. పక్కన ఎల్లిపాయలు ఒలుస్తున్న పాత వంటమనిషి, మేమందరం అవ్వ అని పిలిచే ఆమె, తల ఎత్తకుండానే అన్నది:

"ఇది పిల్లలకు తొక్కా, దయ్యాలను ఎల్లగొట్టనీకా?"

అప్పుడు అర్థమైంది. రెండు సేర్లు తూగింది బియ్యం. కారం తేలిక. నేను అన్నిటికీ ఒకటే తూకమనుకున్నాను. నాకు ముందున్నామెను ఒక్క తప్పుకే పంపేశారని అవ్వ అంతకు ముందే చెప్పింది. నోరు విప్పితే తప్పు నాదని తేలుతుంది. విప్పకపోతే ఆ తొక్కు ఏ పిల్లా నోట పెట్టదు. మిగతా మూడు సేర్లూ నేను పోశాక, టీచరమ్మ ముక్కలు పోయమని అవ్వకు సైగ చేశారు. ముక్కలు కలిశాక కారం తిరిగి తీయలేము.

"జర ఆగుండ్రి, టీచరమ్మా. నేను చెప్పింది తప్పు. రెండు సేర్లన్నది బియ్యం లెక్క. కారం గంత తూగదు."

"మరి ఎంత తూగుతది?"

"తెల్వదు."

ఆమె తరాజు నా ముందుకు జరిపారు.

"తెల్వకుంటే తూచు," అన్నారు టీచరమ్మ.

తూచాను. మానికెడు కారం సేరుకు కాస్త పైన. ఆవపిండి కూడా దాదాపు అంతే. రాళ్ల ఉప్పు మాత్రం రెండు సేర్లు దాటింది. ఆ కాగితం ప్రకారం పెట్టి ఉంటే కారం మండేది, ఉప్పు చాలక తొక్కు బూజు పట్టేది. టీచరమ్మ పాత లెక్క కొట్టేసి, ఒక్కోదానికి వేరువేరుగా రాసుకున్నారు. ఎక్కువైన కారం కుండలోకి తీశాను. నన్ను ఉంచుకునే సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు.

మూడో రోజు జాడీలు విప్పి తిరగ కలిపాం. టీచరమ్మ వేడన్నంలో తొక్కు కలుపుకుని తిన్నారు. నీళ్లు అడగలేదు. చెయ్యి కడుక్కున్నాక అడిగారు:

"నీ బిడ్డకు ఎన్నేండ్లు?"

"ఏడు."

"ఐతారం పోయి తోలుకరా."

నెల నిండడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.