వేణుగోపాల్ పీకని వైరు

పత్తికొండ బజారులో నా జిరాక్సు షాపు పక్కనే వేణుగోపాల్ నెట్ సెంటరు ఉండేది. శెట్లింట్లో పుట్టి పప్పూ బెల్లమూ అమ్ముకోక ఈ తీగల గోల నీకెందుకురా అని వాణ్ణి ఏడిపించేవాణ్ణి. వాడు పట్టించుకుంటేగా! 2009లో ల్యాప్‌టాప్ కొన్నాడు. దానికి వైరు పెడితే వైరు నెట్. పీకితే ఎదురుగా పత్తి వ్యాపారి ఆఫీసు నుంచి వచ్చే వైర్‌లెస్ నెట్. రెండింటికీ సెట్టింగులు వేరు. చేత్తో మార్చే పని లేకుండా దానంతటదే మారేలా చేశాడు. వచ్చిన ప్రతివాడి ముందూ వైరు పీకి చూపించేవాడు. అబ్బో, ఆ గొప్పలు వినలేక చచ్చేవాణ్ణి!

ఇంజినీరింగ్ కౌన్సెలింగులో కాలేజీలు ఎంచుకునే చివరి రోజది. గడువు రాత్రి ఏడు గంటలు. కూలి చేసుకునే నరసన్న, కూతురు శివకుమారిని వెంటబెట్టుకుని పల్లె నుంచి వచ్చేసరికే ఆరయింది. ఆ పిల్లకు మంచి ర్యాంకు. కాలేజీల పేర్లన్నీ నింపారు, సేవ్ చేయబోతే పేజీ కదల్లేదు. రోడ్డు తవ్వేవాళ్లు బజారు చివర మా వైపు లైను తెంపేశారు. ల్యాప్‌టాప్‌కు గుచ్చిన వైరు మాత్రం బాగానే ఉంది. వైరు ఊడితేనే మారే ఏర్పాటది, దాంతో వైరు నెట్‌నే పట్టుకుని కూర్చుంది.

"వైరు పీకితే పోలేదా అన్నా?" అందట శివకుమారి.

వేణు చెయ్యి వేయబోయాడు. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ నాగరత్నమ్మ దీపం పట్టుకుని వచ్చింది. "సందెదీపం పెడతాండా నాయనా, ఇప్పుడేమీ పీకొద్దు. అంగట్లో లక్ష్మి నిలవదు" అంది. ఆ ఇంట్లో దీపం వేళ మేకు కూడా ఊడదీయరు. వేణు చెయ్యి వెనక్కి తీసుకుని, "అదే మారుతాది పాపా, ఉండు" అన్నాడు. తన పనితనం మీద అంత నమ్మకం వెధవకు!

పిల్ల ఏడుపు విని నేను పరిగెత్తేసరికి ఏడు దాటి రెండు నిమిషాలు. ఒళ్లు మండి వైరు లాగిపారేశాను. వెంటనే నెట్ వచ్చింది. గడువు ముగిసిందని రాసుంది.

"పోనీలే సామీ, మా రాత" అన్నాడు నరసన్న. తిట్టినా బాగుండేది. వేణుకు ఆ తర్వాత అన్నం సయించలేదు.

మరుసటి ఏడాది ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షకు దరఖాస్తులు పడగానే ఫారం తీసుకుని, నన్నూ లాక్కుని వాళ్ల పల్లెకు పోయాడు. నరసన్న కుటుంబమంతా మిరపకోతలకు గుంటూరు పోయే లారీ ఎక్కి ఉంది. మూటల మధ్య శివకుమారి.

"ఈసారి అన్నీ నేనే చూసుకుంటా పాపా, దిగు" అని వేణు ఫారం పైకి చాచాడు. ఆ పిల్ల అందుకోలేదు.

"నా పేరు కూడా చెప్పి మా నాయన కూలీల మేస్త్రీ దగ్గర ముందే దుడ్లు తీసుకున్నాడన్నా. ఇప్పుడెందుకొచ్చినావు?"

లారీ కదిలింది. వేణు దాని వెనకాలే కొంతదూరం పరిగెత్తాడు.