సాయం బయలుదేరింది

కుట్టుమిషన్లు బాగుచేసే బాబాయ్ మాకెవరికీ బాబాయ్ కాడు. సరదాకి వైర్‌లెస్ సెట్లు నడిపే మా హ్యామ్ రేడియో క్లబ్బులో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆ పిలుపు. వెనకాల మాత్రం ‘పరీక్షల బాబాయ్’ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే. అలాంటి తెలివితేటలకు నా దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

ఆయన ఉండేది ఏటి పక్క వీధిలో, రోడ్డు మీంచి రెండు మెట్లు కిందికి దిగే గదిలో. గోడ పొడుగునా ఇనప రాక్, దాని నిండా విప్పిన మిషన్లు. మూల బల్ల మీద రేడియో, పాత కంప్యూటరు, కింద కారు బ్యాటరీ. ఆయన భార్యకి, అంటే మా పిన్నికి, పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. కుర్చీలో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, స్క్రూలు సైజులవారీగా ఏరి పెట్టేది. బాబాయ్ బాగుచేసిన మిషన్ని వెంటనే ఇచ్చేవాడు కాదు. పల్చటి గుడ్డ మీద, మందపాటి గుడ్డ మీద, నాలుగు మడతల మీద కుట్టి కుట్టి చూసేవాడు. “ఇక చాలు, వదిలెయ్యండీ, దాని ప్రాణం తీస్తారా ఏంటి?” అని పిన్ని నవ్వేది.

మా క్లబ్బు ఇంజినీరు ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. వరదలొచ్చి ఫోన్లు పనిచేయనప్పుడు, ఎవరైనా రేడియో మీద సందేశం టైపు చేసి పంపితే అది క్లబ్బు కంప్యూటరుకి వస్తుంది. గంట మోగుతుంది. డ్యూటీలో ఉన్నవాడు చదివి, పడవలవాళ్లకి చెప్పి, ఒక మీట నొక్కుతాడు. అప్పుడే అవతలివాడికి జవాబు వెళుతుంది. అంటే జవాబు వచ్చిందంటే ఎవరో మనిషి చదివాడన్నమాట.

దాన్ని పరీక్షించే ఓపిక బాబాయ్‌కి తప్ప ఎవరికుంది? రోజుకు నలభై సందేశాలు పంపేవాడు. పొడుగువి, ఒక్క అక్షరానివి, ఖాళీవి, ఉరుముల్లో సగం తెగిపోయినవి. తొమ్మిది తప్పులు పట్టాడు. పట్టినప్పుడల్లా ఇంజినీరు మొహం మాడ్చుకునేవాడు. జవాబులో ఉండే మాటలు కూడా బాబాయ్ రాసినవే. ‘మీ సందేశం స్వీకరించబడినది’ అని ఇంజినీరు పెడితే ఒప్పుకోలేదు.

“మునిగిపోయేవాడికి ఆఫీసు భాష ఎందుకయ్యా? అందింది, సాయం బయలుదేరింది, ఉన్నచోటే ఉండండి అని పెట్టు. గుండె నిబ్బరంగా ఉంటుంది.”

నలభై సందేశాలంటే నలభైసార్లు గంట మోగడం. క్యారమ్స్ ఆడుతుంటే చెవిలో జోరీగలా ఆ మోత. అందుకని ఇంజినీరు పరీక్షల జాబితా అని ఒకటి పెట్టాడు. అందులో ఎవరి కాల్‌సైన్, అంటే రేడియో మీద వాళ్ల గుర్తింపు పేరు, ఉంటే వాళ్ల సందేశానికి గంట మోగదు. యంత్రమే జవాబిచ్చేసి, దాన్ని పరీక్షల ఫోల్డర్లో పడేస్తుంది. బాబాయ్ కాల్‌సైన్ అందులో ఎక్కించింది నేను. పరీక్షలు అయ్యాక తీసెయ్యాల్సిందీ నేనే.

పరీక్షలు అయిపోయిన ఆదివారం బాబాయ్ ఫోన్ చేశాడు.

“ఒరేయ్, నా కాల్‌సైన్ జాబితాలోంచి తీశావా?”

“తీసేశాను బాబాయ్.” తీయలేదు. ఆట మంచి పట్టు మీద ఉంది.

“అయితే ఒక్కటి పంపిస్తాను. గంట మోగిందో లేదో చూసి చెప్పు.”

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్ట్రైకర్ కొట్టాను. గంట మోగలేదు. “మోగింది బాబాయ్, మీట కూడా నొక్కాను” అన్నాను. ఎర్ర కాయిన్ పడింది. అందరూ గట్టిగా నవ్వారు. నేనింకా గట్టిగా నవ్వాను.

మూడు వారాలకి ఏరు పొంగింది. మధ్యాహ్నానికి ఫోన్లన్నీ మూగబోయాయి. డ్యూటీ నాదే. ఆ పూట గంట పదకొండుసార్లు మోగింది. పదకొండు ఇళ్లకి పడవలు పంపాను. మధ్యలో టీ తాగుతూ, “బాబాయ్ గోల లేదేంటి ఇవాళ? పిన్నిని తీసుకుని ఎటైనా వెళ్లిపోయుంటాడు” అన్నాను కూడా.

అప్పటికి నాకు తెలియదు గాని, నీళ్లు మెట్లు దిగి గదిలోకి రాగానే బాబాయ్ సందేశం పంపాడు. జవాబు వచ్చింది. ఎదురు మేడలో ఉండే టైలరు మోకాళ్ల లోతు నీళ్లలో నడిచొచ్చి, “పిన్నిగారిని నేను మోసుకెళ్తాను, మా మేడ మీదికి రండి” అని బతిమాలాడట. పిన్నికి ఎవరైనా ఎత్తితే నడుము నొప్పి ప్రాణం పోయినంత పని. “పడవ వస్తోందయ్యా, ఉన్నచోటే ఉండమన్నారు. నలుగురుంటారు, కుర్చీతో సహా ఎత్తుతారు” అని బాబాయ్ ఆయన్ని పంపేశాడు. తర్వాత టైలరు మళ్లీ రాబోయాడు గాని, వీధిలో నీళ్లు నిలబడనివ్వలేదు.

మర్నాడు టైలరే బాబాయ్‌ని రాక్ మీంచి దించాడు. పిన్ని చీర కొంగు ఆయన చేతికి చుట్టుకుని ఉందట. పిన్ని బల్లకీ గోడకీ మధ్య దొరికింది.

ఆ సంగతి తెలిశాక పరీక్షల ఫోల్డర్ తెరిచాను. మూడు సందేశాలున్నాయి. ‘నీళ్లు గదిలోకి వచ్చాయి. ఇద్దరం ఉన్నాం. ఆమె నడవలేదు.’ గంట తర్వాత, ‘నడుము దాకా వచ్చాయి. ఆమెని బల్ల మీద పడుకోబెట్టి, రేడియో, బ్యాటరీ రాక్ మీదికి ఎక్కించాను.’ చివరిది, ‘పడవ ఎక్కడిదాకా వచ్చింది?’ మూడింటికీ యంత్రం ఒకే జవాబిచ్చింది. అందింది. సాయం బయలుదేరింది. ఉన్నచోటే ఉండండి.

ఇంజినీరు నా వెనక నిలబడి చదివాడు. తర్వాత, “ఫోల్డర్ ఖాళీ చేసెయ్” అన్నాడు. చేశాను. బాబాయ్ కాల్‌సైన్ జాబితాలోంచి తీసిందీ ఆరోజే. అరనిమిషం కూడా పట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత బాబాయ్ క్లబ్బుకొచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

“నా సందేశం ఎవరు చదివారురా?”

నిజం నోటిదాకా వచ్చింది. ఇంజినీరు నావంకే చూస్తున్నాడు.

“నేనే బాబాయ్. వెంటనే పడవ పంపాను. మీ వీధి మొదట్లో తిరగబడింది. మళ్లీ వెళ్లలేకపోయారు.”

ఆయన గాభరాగా ముందుకి వంగాడు. “అయ్యో, పడవవాళ్లకేం కాలేదు కదా?”

“ఏం కాలేదు.”

“హమ్మయ్య.” అరచేతులు చూసుకున్నాడు. “నీళ్లు మెడ దాకా వచ్చినా మీ పిన్ని అడుగుతూనే ఉందిరా, వస్తున్నారా అని. వస్తున్నారు, వస్తున్నారు అని చెబుతూనే ఉన్నాను. ఆ ఒక్కటే ఇన్నాళ్లూ నన్ను తినేస్తోంది. అయితే నేను దానికి అబద్ధం చెప్పలేదన్నమాట.”

“లేదు బాబాయ్.”

ఆయన లేచి, ఇంత చిన్నవాణ్నయిన నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నేనూ తిరిగి పెట్టాను.