ఆఖరి డబ్బా బోర్డు

బి.ఎడ్. రెండో ఏడు మా కాలేజీలో ఒక పని అంటగట్టినారు. పాఠాలు చెప్పడం ఒక్కటే చాలదంట, ట్రైనింగ్‌కి వెళ్ళిన బడికి ఉపయోగపడే పని ఏదో ఒకటి చేసి, దాన్నుంచి మనమూ నేర్చుకోవాలంట. సర్వీస్ లెర్నింగ్ ప్రాజెక్టు అని దాని పేరు. నాతోటివాళ్ళు మొక్కలు నాటుతాం, గోడలకి రంగులేస్తాం అని రాసిచ్చినారు. నేను బడిలో భద్రత అని రాసినాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగుంటే నా ఎడమ మోచెయ్యి చూపించేదాన్ని. అది ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.

నాకు పడింది బెంగాల్లో మా రైల్వే ఊరి న్యూ సెటిల్‌మెంట్‌లో నేను చదువుకున్న తెలుగు బడే. నా మూడో క్లాసులో ఒకరోజు స్విచ్‌బోర్డులోంచి పొగొచ్చింది. నిప్పు నిప్పని ఎవడో అరిచినాడు. వెనక గేటుకి తాళం. అందరం ముందు గేటు మీదకే పడ్డాం. మెట్ల దగ్గర నేను కింద పడినాను, నా చెయ్యి తొక్కుకుంటూ ఎంతమంది పోయినారో తెలీదు. పాక్కుంటూ మెట్ల కిందకి దూరి కూర్చున్నాను. పొగ తగ్గింది, పిల్లలకి సెలవిచ్చి పంపేసినారు, నన్ను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. మేం మాషీ, అంటే పిన్ని, అని పిలిచే బడి ఊడ్చే బెంగాలీ ఆవిడ చీపురు నా కాలికి తగిలాకే నేను బయటపడినాను. ఆ రోజు మా క్లాసు మాస్టారే ఇప్పుడు ఆ బడికి పెద్ద మాస్టారు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇన్నేళ్ళయినా వెనక గేటుకి తాళం అలాగే ఉంది. దాని పక్కనే ఒకటో క్లాసు గది. ఆ పసివాళ్ళు బయటపడాలంటే బడంతా దాటి ముందుకి రావాలి. ఆ తాళం తీయించాలి, నాకు కావలసింది అదొక్కటే.

"తీస్తే ఆవులొస్తాయమ్మా. లేదంటే పిల్లలు ఘుగ్నీ బఠాణీల బండి దగ్గరికి పారిపోతారు," అన్నారు పెద్ద మాస్టారు. "ఒక పని చెయ్యి. నిప్పంటుకున్నట్టు పిల్లల్ని బయటికి తెచ్చే డ్రిల్లు పెట్టు, ఆ నాడు రెండు గేట్లూ తీయిస్తాను. తొక్కుకోకుండా, ఒక్కరూ మిగిలిపోకుండా బయటికి తెచ్చి చూపించు. అప్పుడు ఆలోచిద్దాం."

ఒక్కరూ మిగిలిపోకుండా అన్న మాట ఆయన నోట వింటే నాకు ఒళ్ళు మండింది. సరేనండీ అని ఊరుకున్నాను.

మొదటి డ్రిల్లు పరువు తీసింది. ప్రమాదం అంటే ఎరుపే కదా అనుకుని, వరండాలో నిలబడి ఎర్రగుడ్డ ఊపినాను. పిల్లలు గదుల్లోంచి వచ్చి, గుడ్డ చూసి, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయినారు. పదండి పదండి అని గొంతు చించుకున్నా ఒక్కరూ కదల్లేదు. రెండు జడల మూడో క్లాసు పిల్ల ఒకతె మెల్లగా అంది, "ఎర్ర జెండా కదా టీచర్, ఎలా ఎల్తాం?" పెద్ద మాస్టారు మళ్ళీ తాళం వేయించేసినారు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పినాను. ఆయన గూడ్సు బండి గార్డుగా రిటైరైనాడు. దగ్గొచ్చేదాకా నవ్వినాడు.

"గార్డు మనవరాలివై ఉండి, ఎర్ర జెండా ఊపి ఎల్లమన్నావేటే?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన నవ్వు ఆపి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పచ్చ జెండా ఊపితే ఎల్తారులే, అది కాదు సంగతి. బండి మొత్తం ఒచ్చిందని టేసన్లో ఎలా తెలుస్తాదనుకున్నావు? ఆఖరి డబ్బాకి ఎల్‌వీ, అంటే లాస్ట్ వెహికిల్, అని బోర్డుంటాది. అది కంటబడాలి. ఇంజను ఒచ్చేసింది కదాని సంబరపడిపోకూడదు, డబ్బాలు దారిలో తెగిపోయుండొచ్చు. మరి నీ పిల్లల్లో ఆఖరోల్లెవరే?"

ఆ సాయంత్రమే ఆయన రెండు అట్టలకి పసుపు కాగితం అంటించి, నల్ల రంగుతో ఎల్‌వీ అని రాసిచ్చినాడు. ముందు గేటుకొకటి, వెనక గేటుకొకటి. ముందు వైపుది పెద్ద క్లాసు పిల్లాడికిచ్చి, వెనక వైపు బోర్డు ఆ రెండు జడల పిల్లకే ఇచ్చినాను. నీ వెనక ఎవరూ ఉండకూడదు, గదులన్నీ తొంగి చూశాకే రావాలి, అని చెప్పినాను. చాలా సీరియస్‌గా తలూపింది.

ఇంకొక్కసారి అని పెద్ద మాస్టారి కాళ్ళావేళ్ళా పడి, రెండో డ్రిల్లు పెట్టినాను. పచ్చ జెండా ఊపగానే పెద్ద క్లాసులు ముందుకి, చిన్న క్లాసులు వెనక్కి చక్కగా కదిలినాయి. ముందు గేటు బోర్డు బయటికొచ్చేసిందని అటునుంచి కేక వినిపించింది. వెనక గేటు దగ్గర పెద్ద మాస్టారితో నేనున్నాను. ఒకటో క్లాసు వాళ్ళు చేతులు పట్టుకుని వచ్చినారు, రెండు వచ్చింది, మూడు వచ్చింది. బోర్డు రాలేదు.

"అందరూ వచ్చేసినట్టే ఉన్నారు కదమ్మా," అన్నారు ఆయన వాచీ చూసుకుని.

"బోర్డు రాలేదు మాస్టారూ," అని లోపలికి పరిగెట్టినాను. ఆయనా నా వెనకే వచ్చినారు.

బాత్రూం తలుపు ముందు, బోర్డు గుండెలకి ఆనించుకుని ఆ పిల్ల నిలబడుంది. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తోంది.

"గడియ పట్టేసింది టీచర్. ఆడు రాకుండా నేనెలా ఒస్తాను, నాది ఆఖరి డబ్బా కదా."

పెద్ద మాస్టారు భుజంతో రెండుసార్లు తోస్తే గడియ ఊడొచ్చింది. ఒకటో క్లాసు పిల్లాడు, నిక్కరు తడిసిపోయి వణుకుతున్నాడు. ఆయన వాణ్ణి ఎత్తుకున్నారు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, మీరు ముందెళ్ళండి టీచర్ అంది. మా ఇద్దర్నీ ముందు నడిపించి, తను వెనక నడిచింది.

గేటు బయట పిల్లాణ్ణి దించి, పెద్ద మాస్టారు వాడి తల నిమిరినారు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగినారు.

"ఆ రోజు మెట్ల కింద ఎంతసేపున్నావమ్మా?"

"మాషీ చీపురు పట్టుకుని వచ్చేదాకా మాస్టారూ."

"లెక్కపెట్టాల్సింది నేను," అన్నారు.

ఈ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎన్ని పదునైన జవాబులు దాచుకున్నానో. కళ్ళు తుడుచుకున్నాను, అంతే. ఆయన జేబులోంచి గేటు తాళంచెవి తీసినారు.

"ఒకటో క్లాసు గుమ్మం పక్కన మేకు కొట్టించి తగిలించు. అందరికీ చెయ్యి అందాలి. ఆవుల సంగతి నేను చూసుకుంటాను."

కుడిచేతిలో పచ్చ జెండా ఉంది. ఎడమ చెయ్యి ఎంతవరకు చాపుకుంటుందో అంతవరకు చాపి, తాళంచెవి అందుకున్నాను.