‘నేడు’ అంటే ఈ రోజు

మా చిన్నప్పుడు... తొమ్మిదో తరగతిలో, తెలుగు సారు నాటకం పాఠం మొదలెట్టే ముందు కిటికీ రెక్కలు మూయించేవారు. బయట రోడ్డు మీద బస్సు ఆగితే మా తలకాయలన్నీ అటే తిరిగేవి. అందుకని.

అదొక పాత విషాద నాటకం. రాజు మొండివాడు. వద్దని రాణి ఎంత బతిమాలినా వినకుండా కొడుకుని యుద్ధానికి పంపుతాడు. కొడుకు తిరిగి రాడు. దూత వచ్చి రాణితో ఒక్క మాట చెప్తాడు... “మహారాణీ, యువరాజు లేడు.” అక్కడి నుంచి రాణి ఏడుపు రెండు పేజీలు.

“ఇందులో తప్పు ఎవరిదిరా?” అని అడిగారు సారు.

“రాజుదే సార్” అన్నారు అందరూ. వెనక బల్ల మీద నుంచి సింహాద్రి లేచి, “దూతది సార్. ఆడు సెప్పకపోతే రాణికి తెలీదు గదా” అన్నాడు.

అందరం నవ్వాం. సారు నవ్వలేదు. “రాజు పెద్ద పెద్ద సమాసాలు మాట్లాడతాడు. రాణి పద్యాలు చదువుతుంది. దూతకి ఉన్నది ఒక్క చిన్న మాట. నాటకమంతా ఆ మాట కోసమే ఆగి ఉంటుంది” అన్నారు. ఆయనది గోదావరి వైపు. మాట శుభ్రంగా ఉండేది.

బడి వార్షికోత్సవానికి ఆ నాటకమే వేయిద్దామన్నారు. నేను ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు... అందుకే దూత వేషం నాకిచ్చారు. ఒక్క మాటే కదా అని.

ఆ ఒక్క మాటే నాకు రాలేదు.

మా వైపు ‘లేదు’ అనం. ‘నేదు’ అంటాం. ‘లేడు’ని ‘నేడు’ అంటాం. నేను నిలబడి, “మహారాణీ, యువరాజు నేడు” అన్నాను.

సారు పుస్తకం మూసేశారు. “నేడు అంటే ఈ రోజురా. యువరాజు ఈ రోజు... ఏమిటి? వస్తాడా, పోతాడా? వాక్యం పూర్తి కాలేదు కదా.”

ఆ సాయంత్రం నుంచి సింహాద్రి నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. “ఒరే దూతా, నేడా, రేపా?” అనేవాడు.

ఇంటికి పోతూ గట్టు మీద సాధన చేసేవాణ్ణి. నాలుక పైకి ఆనించి... ల... ల... లేడు. మా పెద్దమ్మ కొడుకు సూరన్న కొత్తవలసలో రైలు లైను పనిలో ఉండేవాడు. పెదనాన్న పోయాక ఇంటికి అతనే దిక్కు. సెలవుకి వచ్చినప్పుడు నా తిప్పలు చూసి నవ్వాడు.

“ఒక్క మాటకేట్రా ఇంత కుస్తీ.”

“సారు తిడతన్నారు.”

“ఆ రోజుకి నేనొస్తాను సూడ్డానికి. సరిగ్గా సెప్పు” అన్నాడు. సోమవారం పొద్దున్న బండికి వెళ్ళిపోయాడు.

తరవాత కొన్నాళ్ళకి... నాకు ఆ మాట వచ్చేసింది. సారు భుజం తట్టారు. అది జరిగిన వారంలోనే, క్లాసు మధ్యలో గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చారు. ఖాకీ చొక్కా. చెప్పులకి నల్లటి మసి. సూరన్నతో లైను పని చేసే మనిషి. బస్సు దిగితే ముందు బడే కనిపిస్తుంది గనక మా పెద్దమ్మ ఇల్లెక్కడని అక్కడ వాకబు చేశాడు. దారి చూపించమని సారు నన్ను పంపారు.

దారిలో చెప్పాడు. పట్టాల మీద... బండి రావడం చూసుకోలేదట.

పెద్దమ్మ చోడి చేలో, అదే రాగి చేలో, కలుపు తీస్తున్నాది. గట్టు మీదికి వచ్చాక ఆ మనిషి ఆగిపోయాడు. “నాకు నోరు రాదురా బాబూ. మీ పెద్దమ్మ గదా, నువ్వే సెప్పు” అన్నాడు.

నేను చేలోకి దిగాను.

“పెద్దమ్మా... సూరన్న లేడు.”

కలుపు తీస్తూనే, “ఏటి?” అంది.

“లేడు.”

“ఏట్రా, సారు లాగ మాట్లాడతన్నావు. సరిగ్గా సెప్పు.”

“సూరన్న నేడు పెద్దమ్మా.”

చెయ్యి ఆగింది.

 చేతిలో ఉన్న కలుపు మొక్కల వేళ్ళకి అంటిన మట్టి దులిపింది, ఎప్పుడూ దులిపినట్టే. గట్టు మీద పెట్టింది. ఆ మనిషి వైపు చూసి, “అంత దూరం నుంచి వచ్చినాడు. నీల్లియ్యి” అంది.

నేను నీళ్ళిచ్చాను. నాకూ ఏడుపు రాలేదు. ఎండ బాగా ఉందని మాత్రం గుర్తుంది.

వార్షికోత్సవంలో దూత వేషం సింహాద్రి వేశాడు. అడక్కుండానే సారు మార్చేశారు. సింహాద్రి నన్ను మళ్ళీ దూతా అనలేదు. ఆ రోజు ఎవరో పిలిస్తే పెద్దమ్మ కూడా వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుంది. సింహాద్రి ‘లేడు’ అని స్పష్టంగానే అన్నాడు. రాణి వేషం కట్టినవాడు పద్యం మీద పద్యం ఎత్తుకున్నాడు. జనం ముక్కులు చీదుతున్నారు.

పెద్దమ్మ చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది... “అంతసేపు ఏటి మాట్లాడతాదిరా ఆవిడ?”

 పరీక్షలో ‘రాణి శోకమును వివరింపుము’ అని వచ్చింది. అది వదిలేసి మిగతావి రాశాను.

ఇప్పుడు మా మనవలు ‘లేడు’ అనే అంటారు. ఒక్కసారీ నోరు తప్పదు. బళ్ళో నవ్వుతారని మేమే దిద్దాం. ‘నేడు’ అనేవాళ్ళు మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు.

పొద్దున్నే పేపరు తీస్తే ఆ మాట రోజూ ఉంటుంది. నేడు కరెంటు కోత... నేడు ఉచిత కంటి శిబిరం... సారు చెప్పినట్టు ఈ రోజు అనే చదువుకోవాలి. నేను ముందు ఇంకోలా చదువుతాను. తరవాత సర్దుకుంటాను.

మీ బళ్ళో నవ్వి మాన్పించిన మీ ఇంటి మాట ఏదన్నా ఉంటే కింద రాయండి... జవాబు ఇవ్వడం నాకు చేత కాదు గానీ, అన్నీ చదువుతాను.